గుత్తికోయ గూడెంలో పిల్లలు ఖాకీ చూస్తే పరిగెడుతున్నారు, కౌన్సెలింగ్ ఎలా ఇప్పించాలి?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల గూడెంలో సాయంత్రం బడి పెట్టామని, పిల్లలు నోరు విప్పట్లేదని, ఖాకీ బట్టలు కనబడితే అడవిలోకి పారిపోతున్నారని రాశారు. హైదరాబాద్ నుంచి కౌన్సెలర్‌ని పిలిపించాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. ఆ ఖర్చుతో గూడెంలోనే కోయ భాష మాట్లాడే ఇద్దరు యువతీయువకులకు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. తెలుగు సగమే అర్థమయ్యే పిల్లాడికి తెలుగు కౌన్సెలింగ్ వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా వచ్చినవాళ్లు చేసే మొదటి పని "ఏం జరిగిందో చెప్పు, బొమ్మ వెయ్యి" అనడం. అది చెయ్యకండి, చెయ్యనివ్వకండి. జరిగింది చెప్పమని ఒత్తిడి పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడ్ కూడా చెబుతుంది. తనంతట తాను చెబితే వినండి, అంతే.

ఇంకొకటి గమనించండి. గూడేలను వలస బాట పట్టించిన సల్వాజుడుం (ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసీలకే ఆయుధాలిచ్చి నడిపిన దళాలు) మొదలైంది 2005లో. మీ బడి పిల్లల్లో చాలామంది ఆ తర్వాత పుట్టినవాళ్లే అయ్యుంటారు. అప్పటి సంగతులు తల్లిదండ్రులవి, కానీ పోడు భూమి గొడవలు, అటవీ సిబ్బంది గుడిసెలు పీకేస్తారన్న భయం ఇప్పటివి. ఈ భయానికి కారణం ఇంకా పోలేదు కాబట్టి "ఇక భయం లేదు" అని మాటివ్వకండి. "నేను ఇక్కడే ఉన్నా, ఆరింటిదాకా ఉంటా" అనండి. నిలబెట్టుకోగలిగేది ఆ మాటే.

బడి గంటన్నర చాలు. రోజూ అదే వేళ, అదే వరస: చుట్టూ కూర్చుని కోయపాట పది నిమిషాలు, ఆట అరగంట, అక్షరాలు అరగంట, కథో బొమ్మలో పావుగంట. చివరి ఐదు నిమిషాలు రేపు ఏం చేస్తామో చెప్పడానికి. మీరు రాని రోజుంటే ముందే చెప్పాలి. వాలంటీర్ మానేస్తుంటే రెండు వారాల ముందు నుంచే చెప్పాలి. చెప్పకుండా మాయమైతే మళ్లీ మొదటికొస్తుంది. మిరపకోతల్లో, ఇప్పపువ్వు రోజుల్లో హాజరు పడిపోతే కంగారుపడి వేళలు మార్చకండి. విజిల్, బెలూన్లు, దొంగా పోలీసు ఆట వద్దు. తుపాకీ ఆట వాళ్లే ఆడుకుంటుంటే ఆపకండి. ఆట రోజూ ఒకేలా ముగిసి పిల్లాడు ఇంకా బిగుసుకుపోతుంటే మాత్రం పక్కన కూర్చుని "ఇప్పుడు సాయానికి ఎవరొస్తారు?" అని అడగండి.

ఎవరైనా బిగుసుకుపోతే వెనకనుంచి పట్టుకోకండి. ఎదురుగా కాస్త పక్కకు, వాళ్ల ఎత్తుకు కూర్చోండి. పాదాలు నేలకు అదమమనండి, కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పించండి. తర్వాత అరచేతిలో ఎండుటాకు పెట్టి, ఆకు కదలాలి గానీ ఎగిరిపోకూడదన్నట్టు ఊదించండి, ఐదుసార్లు. ఊపిరి నిదానం కావడానికి అంకెలకంటే ఇదే నయం. ఇది మామూలు రోజుల్లో ఆటగా అలవాటైతేనే భయం వేసిన రోజు గుర్తొస్తుంది. అటవీ సిబ్బంది వస్తారని ముందే తెలిస్తే పిల్లలకు చెప్పండి.

తల్లులతో వారానికోసారి బోరింగ్ దగ్గరే మాట్లాడండి. "తినకపోతే పోలీసొస్తాడు" అనడం మానాలి, మీ వాలంటీర్లూ మానాలి. పక్క తడిపితే తిట్టొద్దు, నలుగురిలో చెప్పొద్దు.

బడిలో చేర్చడం కూడా ఇందులో భాగమే. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కుదరదు, వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్లవాడిని ఒకటో తరగతిలో వేస్తే సిగ్గుతోనే మానేస్తాడు.

పిల్లల ముఖాలు, గూడెం పేరు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

నెల దాటినా నిద్ర, తిండి, ఆట కుదుటపడకపోతే పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి. చచ్చిపోతానంటే మాత్రం నెల ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు, పిల్లల రక్షణకైతే 1098. ఫోన్ దగ్గర కోయ తెలిసిన పెద్దవాళ్లు ఉండాలి. సొంత అక్కనో అన్ననో దుబాసీగా కూర్చోబెట్టకండి, ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేని సంగతులు ఉంటాయి.