నాన్నగారి ప్రోస్టేట్ మందు ఇప్పుడే ఆపించకండి

అన్నా, చిత్తూరులో ఉండే మీ నాన్నగారికి 70 దాటాయి, ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగి రాత్రి మూత్రానికి నాలుగైదుసార్లు లేస్తున్నారు, పది రోజులు మందు వాడినా తగ్గలేదని మానేస్తానంటున్నారు, తిరుమల క్యూ అంటే భయపడుతున్నారు అని రాశారు.

ఆయనకు రాసిన రెండు మందులూ ఒకేలా పనిచేయవు. టామ్సులోసిన్ మూత్రాశయం మెడ దగ్గర, ప్రోస్టేట్‌లో బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. దీని ఫలితం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తెలుస్తుంది. ఫినాస్టరైడ్ ప్రోస్టేట్ గ్రంథినే మెల్లగా కుదిస్తుంది, దానికి ఆరు నెలలైనా పట్టొచ్చు. పది రోజులకే ఆపేస్తే ఎలా అన్నా? టామ్సులోసిన్‌తో కళ్లు తిరగొచ్చు కాబట్టి రాత్రి మంచం మీద కాసేపు కూర్చుని లేవమనండి. శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి వస్తే ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

నాకు ఎక్కువ భయం జలుబు మాత్రలతోనే. షాపులో అడిగి తెచ్చుకునే వాటిలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ లాంటివి ఉంటాయి. వాటివల్ల మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి, నొప్పి వచ్చి, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. క్యాథటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేస్తే ఉపశమనం దొరుకుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ (మూత్ర సమస్యల) విభాగం ఉంది.

తిరుమలకు వెళ్లాలంటే 65 దాటినవాళ్ల దర్శనం కోటాకు టీటీడీ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేయండి. ప్రయాణమని నీళ్లు మాత్రం మాన్పించొద్దు, కాఫీ తగ్గిస్తే చాలు.