టెక్ సందేహాలు: మోటారు మార్చకండి, బ్యాటరీ జరపండి

ఈ వారం ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కన పెట్టేశాను. చేత్తో చేసుకున్న రిమోట్ విమానాల మీద వరసగా ప్రశ్నలు వచ్చాయి. నాకూ ఆ పిచ్చి ఉంది కాబట్టి జవాబులు కాస్త పెద్దవైతే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ రెండో ఏడాది. 5 మి.మీ. ఫోమ్ బోర్డుతో త్రిభుజం ఆకారంలో చదును రెక్క విమానం చేశాను. ముక్కు నుంచి వెనక అంచుకు 60 సెం.మీ., వెనక వెడల్పు 80 సెం.మీ. వెనక చివర ఏ2212 1000 కేవీ మోటారు, 10 అంగుళాల ప్రొపెల్లర్, 2200 ఎంఏహెచ్ త్రీ సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఫ్లైస్కై ఐ6 రిమోట్. మొత్తం 580 గ్రాములు. ముక్కు నుంచి 33 సెం.మీ. దగ్గర వేళ్ల మీద నిలబడుతోంది. విసరగానే ముక్కు పైకెత్తి, ఒక పక్కకు ఒరిగి పడిపోతోంది. ఇప్పటికి మూడుసార్లు అతికించాను. పెద్ద మోటారు కొనాలా? (ఒక విద్యార్థి, భీమవరం)

జవాబు: అక్కర్లేదు. ఈ బరువుకు ఆ మోటారు కావలసినంత. చిక్కంతా మీరు రాసిన ఆ 33లోనే ఉంది.

త్రిభుజపు రెక్కకు బరువు కేంద్రం, మనవాళ్లు సీజీ అంటారే, అది ఎక్కడుండాలో లెక్క కట్టడం తేలికే. నడిమి పొడవు 60లో మూడింట రెండు వంతులు తీసుకోండి, 40 వస్తుంది. అది రెక్క సగటు పొడవు. ముక్కు నుంచి 20 సెం.మీ. దగ్గర మొదలవుతుందనుకోండి. అందులో నాలుగో వంతు 10. రెండూ కలిపితే 30. ముక్కు లేచినా దిగినా గాలి కొత్తగా వేసే బలం ఈ 30 దగ్గర పడుతుంది. మీ బరువు దానికి 3 సెం.మీ. వెనక ఉంది. అందుకే ముక్కు రవ్వంత లేస్తే చాలు, గాలి దాన్ని ఇంకా లేపుతోంది, వేగం చచ్చిపోయి విమానం ఒరుగుతోంది. ఇలాంటిదాన్ని ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఇచ్చినా నిలబెట్టలేడు. మీ చేతుల్ని తిట్టుకోకండి.

తొలిసారికి సీజీ 27 దగ్గర ఉంచండి. మీ బ్యాటరీ సుమారు 180 గ్రాములు ఉంటుంది. దాన్ని 20 సెం.మీ. ముందుకు జరిపితే మొత్తం సీజీ దాదాపు 6 సెం.మీ. ముందుకొస్తుంది. ముక్కులో సీసం ముక్కలు కూరడం కంటే ఇదే మేలు. వెల్క్రో పట్టీతో బిగించండి, రబ్బర్ బ్యాండ్‌ను నమ్మొద్దు.

ఇక ఎలివాన్లు, అంటే రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే రెండు పలకలు. సీజీ ముందుకొచ్చాక, తోక లేని చదును రెక్క వదిలేస్తే ముక్కు దించుకుంటుంది. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడే రెండు ఎలివాన్లూ వెనక అంచు దగ్గర 4-5 మి.మీ. పైకి ఉండాలి. ఐ6 మెనూలో ఎలివాన్ మిక్స్ ఆన్ చేశాక విమానం వెనక నిలబడి చూడండి. స్టిక్ మీ వైపు లాగితే రెండూ పైకి లేవాలి. కుడికి తోస్తే కుడిది పైకి, ఎడమది కిందికి. ఈ ఒక్క నిమిషం పనికి బద్ధకించి నా మొదటి విమానాన్ని మా ఊరి కళ్లంలో నిలువునా పాతేశాను. ముక్కలు ఏరి తెచ్చిన పిల్లలు ఇప్పటికీ కనబడితే నవ్వుతారు.

అదే మెనూలో డ్యూయల్ రేట్, అంటే ఎలివాన్లు ఎంత దాకా కదలాలో చెప్పే హద్దు, 60 శాతానికి తగ్గించండి. ఎక్స్‌పోను, తెరమీద గ్రాఫ్ మధ్యలో గీత చదునుగా పడుకునేలా మార్చండి, స్టిక్ కొద్దిగా కదిపితే విమానం మెల్లగా స్పందిస్తుంది. కొత్తవాళ్లు స్టిక్‌ను వీడియో గేమ్‌లోలా కొసకు కొడతారు, విమానానికి అందులో పదో వంతు చాలు. ప్రొపెల్లర్‌నూ ఒకసారి చూడండి. వెనక మోటారు అయినా సరే, అంకెలు అచ్చువేసిన ముఖం విమానం వెళ్లే దిక్కుకే ఉండాలి. తిప్పి బిగిస్తే మోటారు అరుస్తుంది గానీ తోపు బాగా తగ్గిపోతుంది. రిమోట్ సంకేతం తెగితే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఫెయిల్‌సేఫ్. అందులో థ్రాటిల్ (మోటారు వేగం) సున్నాకు పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, రిమోట్ ఆపి చూడండి. మోటారు ఆగాలి.

తర్వాత మోటారు లేకుండా విసరడం. కోత అయిపోయిన వరి మడి దీనికి బంగారం లాంటి చోటు. తెల్లవారి ఆరింటికి, గాలికి ఎదురుగా, నేలకు సమంగా విసరండి. పైకి విసరొద్దు. ముక్కు లేచి ఆగిపోతే బ్యాటరీ ఇంకో సెంటీమీటరు ముందుకు. తిన్నగా నేలకు దూకితే ఎలివాన్లు ఒక మిల్లీమీటరు పైకి. పది, పదిహేను అడుగులు నెమ్మదిగా జారుతూ దిగేదాకా ఇదే పని.

మోటారుతో ఎగరేసే రోజు విసిరేవాడు వేరే మనిషి కావాలి. రెండు చేతులూ రిమోట్ మీద ఉంచి మీరు నిలబడండి. ప్రొపెల్లర్ వెనక ఉంది కాబట్టి విమానం చెయ్యి దాటాకే థ్రాటిల్ ఇవ్వండి. 10 అంగుళాల ప్లాస్టిక్ రెక్క వేలిని కూరగాయలా కోస్తుంది. ముప్పావు థ్రాటిల్ మీద తిన్నగా ఎక్కనివ్వండి. రెండు తాటిచెట్ల ఎత్తుకు చేరేదాకా మలుపు మాట తలపెట్టొద్దు. ఆ ఎత్తులో తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది. మీది భీమవరం కదా, చేపల చెరువుల వైపు మాత్రం విసరకండి.

ప్రశ్న: విమానం రెక్క పైన ఉబ్బుగా ఉండాలని సైన్సు సార్ చెప్పారు. మరి చదును అట్టముక్క ఎలా ఎగురుతుంది? (తొమ్మిదో తరగతి, సిద్దిపేట)

జవాబు: బస్సు కిటికీలోంచి చెయ్యి పెట్టొద్దని అమ్మ తిడుతుంది, నిజమే. పెట్టినవాళ్లు చెప్పేది విను. అరచేతిని కాస్త వాల్చి పట్టుకుంటే గాలి దాన్ని పైకి తోస్తుంది. గాలిని కిందికి మళ్లిస్తే రెక్క పైకి పోతుంది, అందుకు ఆ వాలే ముఖ్యం. ఉబ్బు ఉంటే తక్కువ శక్తితో, ఎక్కువ వాలు దాకా ఆ పని జరుగుతుంది. చిన్నగా, నెమ్మదిగా ఎగిరే విమానానికి చదునుతోనూ గడిచిపోతుంది.

ఇంకా బాగా ఎగరాలంటే రెక్క ముందు సగం మీద ఇంకో పొర అతికించి చిన్న మెట్టులా వదిలేస్తారు. దీనికి క్లైన్-ఫోగల్‌మన్ రెక్క అని పేరు. అమెరికాలో రిచర్డ్ క్లైన్ అనే ఆయన కాగితం విమానాలు మడుస్తూ కనిపెట్టిన సంగతి ఇది. పేటెంటు 1972లో వచ్చింది. పెద్ద విమానాలకు పనికిరాలేదు గానీ ఫోమ్ బోర్డు విమానాలవాళ్లు దాన్ని వదల్లేదు. మీ సార్‌కి కూడా చెప్పు.

ప్రశ్న: మా దగ్గర ఫ్లెక్సీ షాపులో దొరికేది సన్‌బోర్డు. విమానానికి పనికొస్తుందా? (ఒంగోలు)

జవాబు: పేరు చూసి కొనొద్దు, తూకం వేయండి. 5 మి.మీ. మందం, అడుగు చదరం ముక్క 50 గ్రాములకు అటూఇటూ ఉంటే కొనండి. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉండే రకం దీనికి నాలుగైదు రెట్లు తూగుతుంది, బోర్డులు రాసుకోవడానికి బాగుంటుంది.

ప్రశ్న: దూరంగా వెళ్లేటప్పుడు బాగానే నడుపుతున్నాను. నా వైపు తిరగ్గానే కుడి ఎడమలు తారుమారై టెన్షన్‌లో కూల్చేస్తున్నాను. (ఉద్యోగి, వయసు 46, కర్నూలు)

జవాబు: అందరికీ అక్కడే పడుతుంది దెబ్బ. కుడి ఎడమల లెక్క మానేయండి. విమానం మీ వైపు వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో చూసి, స్టిక్‌ను ఆ రెక్క వైపే తోయండి. వాలిన పందిరికి కింద గుంజ పెట్టినట్టు. మొదట్లో ఇంకో ఉపాయం కూడా ఉంది. మీ ఒంటిని విమానం వెళ్లే దిక్కుకు సగం తిప్పి, మెడ మాత్రం తిప్పి చూస్తూ నడపండి.

అసలు మందు సిమ్యులేటర్, అంటే తెరమీద ఉత్తుత్తి విమానం నడిపించే ప్రోగ్రాం. అలాంటిదే పికాసిమ్, ఉచితంగా దొరుకుతుంది. ఫోన్ తెరమీద వేళ్లతో ఆడితే ఉపయోగం తక్కువ. రిమోట్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ కేబుల్ కొనండి, ఒక ఫోమ్ బోర్డు విమానం కంటే ఎక్కువేం కాదు. రోజుకు 20 నిమిషాలు, మీ వైపు వచ్చే దారే మళ్లీ మళ్లీ. విసుగొస్తుంది, రానివ్వండి.

ప్రశ్న: మేడ్చల్ దగ్గర పొలంలో ఎగరేసుకోవచ్చా? (హైదరాబాద్)

జవాబు: ముందు డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ పొలం ఏ రంగులో ఉందో చూడండి. మీకు ఒకవైపు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఇంకోవైపు హకీంపేట వైమానిక స్థావరం ఉన్నాయి. ఎరుపులో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా, ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8-12 కి.మీ. మధ్య అయితే 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం సరదాకో చదువుకో కంటికి కనబడే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ మినహాయింపు ఉంది. మ్యాప్ మాత్రం అందరికీ వర్తిస్తుంది. రంగులు మారుతుంటాయి, వెళ్లే రోజే చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి విమానం బ్యాటరీని రాత్రంతా మంచం పక్కన చార్జింగ్ పెడుతున్నాడు. అది అప్పడంలా ఉబ్బింది. ప్రమాదమా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: ప్రమాదమే అమ్మా. ఈ పూటే దాన్ని గదిలోంచి తీయించండి. గుచ్చొద్దు, నొక్కొద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఇసుక పోసిన ఇనుప బకెట్టులో, ఆరుబయట, నీడన ఉంచి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

కొత్తది కొంటే అబ్బాయికి ఇవి చెప్పండి. మనిషి పక్కన మేలుకుని ఉన్నప్పుడే చార్జింగ్, గచ్చు నేల మీద, సెల్స్ అన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తో. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, ఎగరేసేటప్పుడు 3.5 కంటే కిందికి పోకూడదు. వారం రోజులు వాడకపోతే 3.8 దగ్గర ఆపి దాచాలి. బ్యాటరీ బ్యాలెన్స్ తీగకు తగిలించే చిన్న వోల్టేజీ అలారం చవగ్గా దొరుకుతుంది. ఎగిరేటప్పుడు అది కుయ్యిమనగానే దించేయమనండి.