తెలుగు సినిమాల్లో పల్లె పేదరికాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తున్నారా?

చూపిస్తారు, కాకపోతే కోనసీమకి తీసుకెళ్ళి చూపిస్తారు.

మాది అనంతపురం జిల్లా. మా వైపు పల్లె అంటే ఎర్రనేల, శెనక్కాయ చేను, ఎండిన బోర్లకి మూతగా పెట్టిన రాళ్ళు. తెర మీదేమో హీరో ఊళ్ళో దిగగానే కాలువ, కొబ్బరిచెట్లు, కొత్తగా సున్నం కొట్టిన గోడలు. అక్కడ పేదవాడి చొక్కాకి కూడా ఇస్త్రీ ఉంటుంది. సీమకి కెమెరా వస్తే సుమోలు, వేటకొడవళ్ళు. మేం నరుక్కోవడం తప్ప కలుపు తీయమా?

నాకు ఒళ్ళు మండేది బోరు సీన్‌కి. హీరో డబ్బులిస్తాడు, బండి వస్తుంది, నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు ఎగజిమ్ముతాయి, ఊరంతా తడుస్తూ గంతులు. మా చేలో బోరు వేసిన రాత్రి చెప్తా వినండి. ముందు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిందన్న చోట పాయింట్ పెట్టిపోయాడు. చీకటి పడ్డాక తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు బండి వచ్చింది. రేటు అడుగు లెక్కన, లోతుకి పోయేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. నాలుగొందల అడుగులు దాటినా తెల్లటి రాతిపొడే. మా నాయన ఆ పొడిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసేవాడు, తడేమైనా తగులుతుందేమోనని. ఆపేద్దామా అని డ్రైవరు చేత్తో సైగ చేస్తే, "ఇంకో రాడ్డు దించప్పా" అనేవాడు. అమ్మ కమ్మలు అప్పటికే బ్యాంకులో కుదువలో ఉన్నాయి. నీళ్ళు పడలేదు. బండికి మాత్రం తెల్లారేలోపు లెక్క కట్టాలి.

ఇక విలన్. సినిమాలో మీసాలాయన వాకిట్లో కుర్చీ వేసుకుని అరుస్తుంటాడు. మాకు అప్పిచ్చిన ఎరువుల అంగడాయన చాలా మర్యాదస్తుడు. "రా అన్నా, టీ తాగు" అనేవాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట ఆయనకే తోలాలి, తూకంలో తరుగు ఆయన చెప్పినంత. హీరో వచ్చి ఎవర్ని కొట్టాలి?

'రంగస్థలం' (2018) సొసైటీ అప్పుల మోసాన్ని కొంత పట్టుకుంది, ఒప్పుకుంటా. 'బలగం' (2023)లో మటన్ కూరలో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలకైతే అచ్చం మా పెదనాయన ఇంట్లోదే. కానీ 'శ్రీమంతుడు' (2015), 'మహర్షి' (2019) చూస్తే ఓ కోటీశ్వరుడు దిగొస్తే చాలు మా కష్టాలన్నీ తీరిపోతాయనిపిస్తుంది. 'మహర్షి' వచ్చాక వీకెండ్ వ్యవసాయమని సిటీవాళ్ళు నాట్లేస్తూ సెల్ఫీలు పెట్టారు. ఒక్కడైనా మా శెనక్కాయ చేలోకి వచ్చాడా? రాడు. ఫొటోకి పనికొచ్చే బురద మా దగ్గర లేదు మరి.