స్టెంట్‌కు మందుపూత ఉండాలా, అక్కర్లేదా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని యాంజియోగ్రామ్ తీయిస్తే ఒక రక్తనాళంలో 80 శాతం బ్లాక్ ఉందన్నారు. మందుపూత స్టెంట్ వేస్తామంటున్నారు. మందు లేనిదైతే ఖర్చు తక్కువ, మాత్రలూ నెల రోజులు వాడితే చాలని బంధువుల మాట. రెండు నెలల్లో హెర్నియా ఆపరేషన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని తీగల గొట్టం) వేయాల్సి వస్తే మందుపూత ఉన్నదే వేయించండి. బెలూన్‌తో నాళాన్ని వెడల్పు చేసినప్పుడు లోపలి పొర గాయపడుతుంది. అది మానే క్రమంలో కణాలు అతిగా పెరిగి, కొన్ని నెలల్లోనే స్టెంట్ లోపల దారి మళ్లీ ఇరుకవుతుంది. మందు లేని స్టెంట్లలో నూటికి 20, 30 మందికి ఇలా జరిగేది. షుగర్ ఉన్నా, నాళం సన్నదైనా, బ్లాక్ పొడవైనా ఈ ముప్పు ఇంకా ఎక్కువ. స్టెంట్ పూతలో ఉండే సిరోలిమస్, ఎవెరోలిమస్ వంటి మందులు ఆ పెరుగుదలను అణచివేస్తాయి.

అలాగని మందుపూత ఆయుష్షు పెంచుతుందనుకోకండి. నార్వేలో 9,013 మందిపై చేసిన నార్‌స్టెంట్ పరిశోధన (2016) ప్రకారం ఆరేళ్లలో మరణాలు, గుండెపోట్లు కలిపితే మందుపూత వారిలో 16.6 శాతం, మిగతావారిలో 17.1 శాతం. అది తేడా కిందికి రాదు. మళ్లీ స్టెంటో బైపాసో అవసరమైనవారు మాత్రం వరుసగా 16.5, 19.8 శాతం.

రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రల విషయంలో బంధువుల మాట ఒకప్పుడు నిజమే. తొలితరం మందుపూత స్టెంట్లలో గాయం ఆలస్యంగా మానేది. ఏడాది దాటాక కూడా లోపల రక్తం గడ్డకట్టిన కేసులు 2006లో పెద్ద కలవరమే రేపాయి. ఇప్పటి స్టెంట్ల తీగలు బాగా సన్నవి, పూతలూ మారాయి. రక్తస్రావం ముప్పున్న వారిలో కొందరికి మందుపూతది, మిగతావారికి మందు లేనిది వేసి, ఆస్పిరిన్‌తో పాటు అలాంటిదే మరో మాత్ర కలిపి ఒక్క నెలే ఇచ్చి చూసిన లీడర్స్ ఫ్రీ పరిశోధన (2015)లో కూడా మందుపూతదే పైచేయి. మామూలుగా అయితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి 6 నెలలు వాడాలి. గుండెపోటు వచ్చినవారైతే 12 నెలలు. ఏ స్టెంటైనా మొదటి నెలలో మాత్రలు ఆపడం అన్నిటికంటే ప్రమాదం. ఉన్నట్టుండి గడ్డకట్టి నాళం మూసుకుపోతే అది పెద్ద గుండెపోటే. పన్ను పీకించుకోవాలన్నా సొంతంగా ఆపకండి.

అందుకే నాకు స్టెంట్ రకం కన్నా హెర్నియా విషయమే ముఖ్యంగా కనిపిస్తోంది. స్టెంట్ వేశాక అత్యవసరం కాని ఆపరేషన్‌ను 6 నెలలు వాయిదా వేయాలి. తప్పనిసరైతే కనీసం 3 నెలలు ఆగాలి. నొప్పి నిలకడగా ఉండి మందులతో అదుపులోకి వస్తే, బ్లాక్ ఎడమ ప్రధాన నాళంలో కాకపోతే, ముందు హెర్నియా, తర్వాత స్టెంట్ అనే దారీ ఉంది. యాంజియోప్లాస్టీకి (బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ వేసే చికిత్స) ముందే గుండె డాక్టర్, సర్జన్ ఇద్దరూ మాట్లాడుకునేలా చూడండి.

ధరలకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టింది. అప్పుడు మందు లేనిది రూ.7,260, మందుపూతది రూ.29,600. తర్వాత సవరిస్తూ వచ్చారు. బిల్లులో స్టెంట్ ధర, బ్రాండ్, బ్యాచ్ నంబరు విడిగా రాయాలి. అడిగి తీసుకోండి.

ప్రశ్న: స్టెంట్ ఉన్నవారు ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: తీయించుకోవచ్చు. ఇప్పుడు వాడే గుండె స్టెంట్లు ఏ రకమైనా అయస్కాంతానికి కదలవు. ఆస్పత్రి ఇచ్చిన స్టెంట్ కార్డు మాత్రం వెంట తీసుకెళ్లి స్కానింగ్ సిబ్బందికి చూపించండి.