ప్లాస్టిక్ షీటు ఎక్కడ చిరుగుతుందో లెక్కగట్టే చదువుకి ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌కి వచ్చింది. ప్లాస్టిక్ షీట్ల ఇన్‌క్రిమెంటల్ ఫార్మింగ్‌ని కంప్యూటర్లో మోడల్ చేసే ప్రాజెక్టు తీసుకుంటానంటోంది. నాకు ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. రేకు పని తెలుసు గానీ ఇది అంతుపట్టడం లేదు. ప్లాస్టిక్‌నే నిషేధిస్తున్న రోజుల్లో దీన్ని నమ్ముకోవచ్చా? అందరిలా కోడింగ్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: రేకు పని తెలిసినవారు కాబట్టి మీకు ఇది తేలిగ్గానే పట్టుబడుతుందండీ. పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకుని లక్క మీద పరిచి, చిన్న చిన్న దెబ్బలతో బొమ్మ తేలుస్తారు కదా. ఇదీ ఆ దారిలోదే. షీటుని చుట్టూ ఫ్రేములో బిగిస్తారు. సీఎన్‌సీ మిషన్‌కి, అంటే కంప్యూటరు చెప్పిన దారిలో కదిలే మిషన్‌కి, గుండ్రటి మొన ఉన్న కడ్డీ తగిలిస్తారు. అది షీటు మీద చుట్లు తిరుగుతూ, చుట్టుకి అర మిల్లీమీటరో ఇంకా తక్కువో కిందికి నొక్కుకుంటూ పోతుంది. చివరికి గిన్నె ఆకారం వస్తుంది. ప్రతి ఆకారానికీ వేరే డై (అచ్చు) అక్కర్లేదు కాబట్టి ఒకటీ రెండూ కావలసిన చోట ఇది పనికొస్తుంది. దెబ్బతిన్న పుర్రెకి, ఆ రోగి స్కాన్ ప్రకారం అమర్చే ఇంప్లాంట్ల కోసం ప్లాస్టిక్ షీట్ల మీద దీన్ని ప్రయోగించి చూస్తున్నారు.

మరి మోడల్ చెయ్యడం, అంటే షీటు ఎలా సాగుతుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టడం ఎందుకు? అడ్డంగా పరిచిన షీటు నుంచి కొలిస్తే గోడ వాలు 60 డిగ్రీలైతే 2 మిల్లీమీటర్ల షీటు సుమారు 1 మిల్లీమీటరుకి పలచబడుతుంది. లోహపు రేకుకి ఈ లెక్క చాలావరకు నిలబడుతుంది. ప్లాస్టిక్ దగ్గర చిక్కులు మొదలవుతాయి. ప్లాస్టిక్ స్కేలుని గట్టిగా వంచితే మడత దగ్గర తెల్లబడుతుంది చూడండి, అది లోపల పుట్టిన సన్నని ఖాళీల వల్ల. అంటే సాగేటప్పుడు దాని ఘనపరిమాణమే పెరగొచ్చు. లాగినప్పుడు ఒక బలం దగ్గర లొంగితే, నొక్కినప్పుడు అంతకన్నా ఎక్కువ బలానికి గానీ లొంగదు. వేగం పెంచితే బిగుసుకుంటుంది, రాపిడికి వేడెక్కితే మెత్తబడుతుంది. ఫ్రేము విప్పాక కొంత వెనక్కి వస్తుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. మామూలుగా లోహాలకి వాడే మోడల్‌ని తెచ్చి ప్లాస్టిక్‌కి తొడిగితే వీటిలో చాలావరకు అందులో కనిపించవు.

చిరగడం కూడా ఒక్క తీరున ఉండదు. జర్మనీ, పోర్చుగల్ పరిశోధకులు పీవీసీ షీట్లని గది వేడిమిలోనే ఇలా నొక్కి 2009లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని షీట్లు కడ్డీ తిరిగిన చోట చుట్టూరా చీలాయి, కొన్ని ముడతలు పడి మెలితిరిగాయి, కొన్నిటికి వాలుగోడ మీద ఏటవాలుగా పగుళ్ళు వచ్చాయి. ఏ షీటుకి ఏ చావు రాసిపెట్టి ఉందో ముందే చెప్పగలగడమే మీ అమ్మాయి ఎంచుకున్న పని. నాకు ఇది చాలా అందమైన ప్రశ్న అనిపిస్తుంది.

ఇక ఉద్యోగం. ‘ఇన్‌క్రిమెంటల్ ఫార్మింగ్ ఇంజనీరు కావలెను’ అన్న ప్రకటన కోసం ఎదురుచూడకండి. ఉద్యోగం సీఏఈ (కంప్యూటర్ ఎయిడెడ్ ఇంజనీరింగ్) అనే పేరుతో వస్తుంది. బంపరు గుద్దుకుంటే ఏమవుతుంది, ఫోను కింద పడితే మూల పగులుతుందా, మందు బిళ్ళల ప్యాకింగు ఎక్కడ పలచబడుతుంది లాంటి లెక్కలు చేసేవాళ్ళు హైదరాబాద్, చెన్నై, పుణె, బెంగళూరుల్లో ఉన్నారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువ ఉండవచ్చు, దానికి సిద్ధపడండి. నిషేధం సంగతంటారా, 2022 జూలై 1 నుంచి ఆపినవి స్ట్రాలు, ప్లేట్లు, కప్పుల్లాంటి ఒక్కసారి వాడి పారేసేవి. కారు భాగాలు, వైద్య పరికరాలు ఆ జాబితాలో లేవు.

కోడింగ్ ఎలాగూ నేర్చుకోవాలి. ఫలితాలు జల్లెడ పట్టడానికి పైథాన్, అబాకస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో సొంత మెటీరియల్ మోడల్ (ఆ ప్లాస్టిక్ ఎలా సాగుతుందో చెప్పే సూత్రాలు) రాయాలంటే ఫోర్‌ట్రాన్ భాష కావాలి. అబాకస్ ఉచిత విద్యార్థి వెర్షన్‌లో నోడ్లు, అంటే షీటుని లెక్క కోసం విడగొట్టే బిందువులు, కొన్నే ఇస్తారు, ఈ పనికి చాలవు. 2022లో అందరికీ తెరిచిన ఓపెన్‌రేడియోస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. పైచదువుకి గేట్‌లో మెకానికల్ పేపరు రాయొచ్చు, లేదా ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపరులో సాలిడ్ మెకానిక్స్, పాలిమర్ సైన్స్ తీసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండమనండి. రంగురంగుల సిమ్యులేషన్ బొమ్మలు పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళి, ‘నీ షీటు నిజంగా అక్కడే చిరిగిందా?’ అన్న ప్రశ్నకి నోరు మెదపలేకపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. తేడా ఎక్కడ వస్తుందంటే, కడ్డీ తిరిగే దారి చాలా పొడవు, అది షీటుని తాకే చోటు చిటికెడు, అందుకే కంప్యూటర్లో లెక్క రోజులు పడుతుంది. తొందరకి షీటు బరువుని కంప్యూటర్లో కృత్రిమంగా పెంచేస్తారు. అది మితిమీరితే ఫలితమే తప్పుతుంది.

అందుకే ముందు సూరంపల్లిలోని సీపెట్‌కి (ప్లాస్టిక్ ఇంజనీరింగ్ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ) వెళ్ళి, పీవీసీ ముక్కల్ని మూడు వేగాల్లో లాగి పరీక్ష చేయించడానికి ఎంతవుతుందో కనుక్కోమనండి. కాలేజీలో సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ ఉంటే, షీటు బిగించే ఫ్రేము మీ షెడ్డులోనే చెయ్యొచ్చు. చుట్టూరా దగ్గర దగ్గరగా బోల్టులు పెట్టండి, మధ్యలో షీటు జారిందంటే కొలతలన్నీ వృథా.