రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్‌లలో ఇంకా ఏం మిగిలింది? వెళ్తే ఏం చూడాలి?

ఇంగ్లండ్‌లో యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్‌లు చాలా ఉన్నాయని విన్నానని, మ్యూజియంలుగా మార్చినవి కాక మామూలు చోట్ల కూడా కట్టడాలు మిగిలాయా, వెళ్లి చూడొచ్చా అని అడిగారు. మిగిలాయి, చూడొచ్చు. కానీ ఏది ఏమిటో తెలియకపోతే పొలం మధ్య పాడుబడ్డ రేకుల షెడ్డు తప్ప ఇంకేమీ కనిపించదు. నేను తూర్పు ఇంగ్లండ్‌లో ఉంటాను. నార్ఫోక్, సఫోక్, లింకన్‌షైర్ వైపు ఏ రోడ్డు పట్టుకున్నా కాసేపటికి ఏదో ఒక పాత స్థావరం తగులుతుంది. సెలవు రోజుల్లో వీటి వెంట తిరగడం కొన్నేళ్లుగా అలవాటైంది కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది కంట్రోల్ టవర్ ఎక్కడుందో వెతుక్కుని, దాని ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. టవర్ చూడాల్సిందే. కానీ అక్కడ మనుషులు ఎలా బతికారో తెలిసేది టవర్‌కి మైలు, రెండు మైళ్ల దూరంలో చెట్ల మధ్య దాక్కున్న చిన్న చిన్న కట్టడాల్లో. అందుకే నా సమాధానం ఎక్కువగా వాటి గురించే ఉంటుంది.

ఇంట్లోంచి బయల్దేరే ముందు శాటిలైట్ మ్యాప్ తెరిచి ఆ స్థలాన్ని పైనుంచి చూడండి. నాలుగింజన్ల బరువైన బాంబర్లు వచ్చాక గడ్డి మైదానాలు చాలలేదు, కాంక్రీట్ రన్‌వేలు తప్పనిసరయ్యాయి. 1942 నాటికి బాంబర్ స్థావరాలకు ఒక ప్రామాణిక ప్లాన్ వచ్చింది. ఒక పెద్ద రన్‌వే 2000 గజాలు, అంటే సుమారు 1830 మీటర్లు. మరో రెండు 1400 గజాల చొప్పున. మూడూ ఒకదాన్నొకటి కోసుకుంటూ ఇంగ్లిష్ అక్షరం ‘ఏ’ ఆకారంలో ఉంటాయి. గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగా దిగాలి కాబట్టి గాలి ఎటు తిరిగినా ఏదో ఒకటి పనికొచ్చేలా మూడు వేశారు. వాటి చుట్టూ ఒక కాంక్రీట్ బాట, ఆ బాట పక్కన విమానాలు విడివిడిగా నిలిపే గుండ్రటి దిమ్మెలు. కాంక్రీటంతా తవ్వేసిన చోట కూడా ఈ ఆకారం పొలాల గట్లలో, పైరు రంగు తేడాలో ఇప్పటికీ తెలిసిపోతుంది.

రన్‌వేలు ఏమయ్యాయన్నది మరో కథ. యుద్ధం అయ్యాక చాలావాటిని పగలగొట్టి, ఆ కంకరను కొత్త రోడ్ల కింద వేశారు. నార్ఫోక్‌లో కొన్ని రన్‌వేల మీద బారుగా టర్కీ కోళ్ల షెడ్లు వెలిశాయి. ఫార్ములా వన్ చూసేవాళ్లందరికీ తెలిసిన సిల్వర్‌స్టోన్ ట్రాక్ కూడా 1943లో తెరిచిన బాంబర్ శిక్షణ స్థావరమే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలోకి వచ్చిన మొట్టమొదటి రేసు 1950 మేలో అక్కడే జరిగింది.

ఇక కట్టడాల సంగతి. టవర్‌ని ఆ రోజుల్లో బ్రిటిష్ వాయుసేన వాళ్లు వాచ్ ఆఫీస్ అనేవారు. ఎక్కువ చోట్ల కనిపించేది రెండంతస్తుల డబ్బా లాంటి భవనం, ముందు బాల్కనీ, పైన డాబా చుట్టూ పైపు రెయిలింగ్. దాని డ్రాయింగ్ నంబరు 12779/41. గీత తర్వాతి అంకె డ్రాయింగ్ వేసిన సంవత్సరం. ఈ చిన్న విషయం తెలిస్తే చాలా ఉపయోగం, ఎందుకంటే ఈ ఎయిర్‌ఫీల్డ్‌ల మీద పనిచేసే పరిశోధకులు ప్రతి కట్టడాన్నీ ఇలా నంబరుతోనే పిలుస్తారు. ముందువైపు కిటికీలు బాగా చిన్నవిగా ఉంటే అది 343/43 ప్రకారం మార్చినది. లోపలికెళ్లి చూడాలంటే నార్ఫోక్‌లోని థోర్ప్ ఆబట్స్ మంచిది. అమెరికన్ల 100వ బాంబ్ గ్రూప్ అక్కడి నుంచే బీ-17 బాంబర్లతో జర్మనీ మీద దాడులకి వెళ్లేది. శిథిలమైపోతున్న టవర్‌ని ఆ చుట్టుపక్కలవాళ్లు స్వచ్ఛందంగా బాగుచేసి మ్యూజియంగా పెట్టారు. డాబా ఎక్కితే చుట్టూ పొలాలే. విమానాల కోసం ఎదురుచూసినవాళ్లు నిలబడింది అక్కడే.

టవర్ అయ్యాక నడవడం మొదలుపెట్టండి. శత్రువు బాంబులు వేస్తే ఒక్క దెబ్బకి అందరూ పోకూడదని పడక గదులు, భోజనశాలలు, స్నానాల గదులు, ఆసుపత్రి అన్నీ విడదీసి చుట్టుపక్కల పొలాల్లో, తోపుల్లో చెదరగొట్టారు. పెద్ద బాంబర్ స్థావరంలో రెండు మూడు వేలమంది ఉండేవారు. పడుకునేది ఒక చోట, తినేది ఇంకో చోట, డ్యూటీ మరో చోట. సైకిల్ లేకపోతే రోజు గడవదు. మ్యాప్‌లో ఈ విషయం చదవడం వేరు. జనవరి చలిలో, బురదలో పడక షెడ్డు నుంచి భోజనశాల దాకా నడిచి చూడడం వేరు. ఆ దూరం కాళ్లకి తెలియాలి.

ఒకసారి నాన్నగారు మా దగ్గరికి వచ్చినప్పుడు సఫోక్‌లో ఒక చోటికి తీసుకెళ్లాను. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. విమానాల మీద ఆయనకి పెద్ద ఆసక్తి లేదు. కానీ ఒక పాత భోజనశాల ముందు ఆగి గోడని అరచేత్తో తట్టి, విరిగిన మూల దగ్గర వంగి చూసి, “ఇది నాలుగంగుళాల గోడరా. బరువంతా ఈ పిల్లర్ల మీదే ఉంది. పదేళ్లు నిలిస్తే చాలనుకుని కట్టారు” అన్నారు. అదే నిజం. ఈ పద్ధతిని ఇక్కడ టెంపరరీ బ్రిక్ అంటారు. అర ఇటుక మందం గోడ, మధ్య మధ్య ఇటుక పిల్లర్లు, పైన సిమెంటు పూత. యుద్ధం నడిచినన్నాళ్లు నిలబడితే చాలన్నది లెక్క. సిమెంటు, ఇటుక, కలప, మేస్త్రీలు అన్నిటికీ కరువున్న రోజులు. ఆ తర్వాత ఆయన నన్ను పిలిచి అక్కడున్న ఒక గోతి అంచున కాంక్రీటు చూపించారు. సెంట్రింగ్ పలకల చారలు, ఆ కలపలోని ముడులతో సహా, అచ్చుగుద్దినట్టున్నాయి. ఏ మొరటు పలకలు దొరికితే వాటితో, ఎంత తొందరలో పోశారో ఆ చారలే చెబుతున్నాయి. అప్పటినుంచి నేను ఎక్కడికి వెళ్లినా ముందు గోడ మందం, కాంక్రీటు ముఖం చూస్తాను.

అర్ధచంద్రాకారపు రేకుల షెడ్లు మీకు ఫోటోల్లో కనిపించే ఉంటాయి. అవి నిస్సెన్ హట్లు. పీటర్ నిస్సెన్ అనే సైనిక ఇంజనీరు 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, తయారుచేసిన నమూనా. వంచిన ముడత రేకులు, రెండు చివర్లా ఇటుక గోడ, మధ్యలో ఒక చిన్న బొగ్గు పొయ్యి. ఒక రైతు అనుమతితో అలాంటి దానిలోపల చాలాసేపు గడిపాను. ఆయన అందులో పాత పనిముట్లు పెట్టుకున్నారు. చివరి గోడకి కింద సగం ముదురాకుపచ్చ, పైన సగం మీగడ రంగు, మధ్యలో ఒక నల్ల గీత. నేల మధ్యలో పొయ్యి నిలిపిన చతురస్రం, దాని నాలుగు బోల్టు రంధ్రాలు తుప్పు మరకలతో సహా ఉన్నాయి. ఆ చతురస్రానికి దగ్గర్లో మంచం దొరికినవాడికి కాస్త వెచ్చదనం, తలుపు పక్కవాడికి చలే.

అలాంటి షెడ్లలోంచే విమాన సిబ్బంది రాత్రిపూట దాడులకి వెళ్లేవారు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో విమానాలెక్కిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ఒక సిబ్బంది తిరిగి రాకపోతే వాళ్ల సామాన్లు వెంటనే సర్దేసి, ఆ మంచాలు కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చేవారు. ఈ సంగతి తెలిశాక ఆ నేల మీద మంచాలు ఎక్కడెక్కడ వేసి ఉంటారో ఊహించకుండా ఉండలేం.

ఇంకొన్ని గుర్తులు చెబుతాను. కిటికీలు లేని ఎత్తైన ఇటుక పెట్టె లాంటిది కనిపిస్తే అది స్క్వాష్ కోర్టు కావచ్చు, లోపల గోడ మీద ఎర్ర గీతలు వెతకండి. అసలు వెడల్పే లేకుండా పైకప్పు ఒక్కటే బాగా ఎత్తుకి లేచి ఉంటే అది పారాచూట్లు పొడవునా వేలాడదీసి ఆరబెట్టిన గది. నార్ఫోక్ తీరం దగ్గర లాంగమ్‌లో బోర్లించిన గిన్నె లాంటి కాంక్రీట్ గోపురం ఒకటి ఉంది. లోపలి గోడ మీద కదిలే విమానం బొమ్మ వేసి, విమాన విధ్వంసక తుపాకులు గురిచూడడం నేర్పేవారు. దేశం మొత్తం మీద అలాంటివి కొన్నే మిగిలాయి. దాన్ని బాగుచేసి చూడ్డానికి తెరిచారు, తప్పక వెళ్లండి. నాకు తెలిసి ఒక్క గది మాత్రమే ఉండి ఇంత తృప్తినిచ్చే మ్యూజియం మరొకటి లేదు.

బాంబులు దాచిన చోటు ఎప్పుడూ పడక షెడ్లకి బాగా దూరంగా, ఎయిర్‌ఫీల్డ్ అవతలి అంచున ఉంటుంది. చుట్టూ ఎత్తుగా పోసిన మట్టి కట్టల మీద ఇప్పుడు చెట్లు పెరిగి చిన్న అడవిలా కనిపిస్తుంది. అంత దూరం ఎందుకో లింకన్‌షైర్‌లోని ఈస్ట్ కిర్క్‌బీ చెబుతుంది. 1945 ఏప్రిల్ 17న అక్కడ ఒక లాంకాస్టర్ బాంబర్‌కి ఎక్కించిన బాంబులు నేల మీదే పేలి, పక్కనున్న విమానాలు కూడా నాశనమయ్యాయి, మనుషులు పోయారు. ఇప్పుడది మ్యూజియం. యుద్ధంలో తమ అన్నను పోగొట్టుకున్న ఇద్దరు రైతు సోదరులు ఆయన జ్ఞాపకంగా దాన్ని నెలకొల్పారు. అక్కడున్న లాంకాస్టర్ నాలుగింజన్లూ స్టార్ట్ చేసి నేల మీద నడిపే రోజులుంటాయి, చూసుకుని వెళ్లండి.

ఇక అనుమతి, జాగ్రత్తలు. ఈ స్థలాలు దాదాపు అన్నీ ఎవరో ఒకరి సొంత పొలాలు. ఆర్డినెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ వేసే మ్యాప్‌లో ఆకుపచ్చ చుక్కల గీతలు జనం నడిచే హక్కున్న బాటలు, చాలా ఎయిర్‌ఫీల్డ్‌ల మీదుగా ఏదో ఒక బాట పోతుంది. దాన్ని దాటి కట్టడం దగ్గరికి వెళ్లాలంటే రైతు తలుపు తట్టండి. మర్యాదగా అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ, కోతల టైమ్‌లో మాత్రం ఇబ్బంది పెట్టకండి. కొందరు తమ తాతల నాటి ఫోటోలు కూడా తెచ్చి చూపిస్తారు. ఇప్పటికీ సైన్యం వాడుతున్న చోట్లకి ఈ మాట వర్తించదు, అక్కడ కంచె దాటితే అది నేరం కావచ్చు.

పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. విరిగిన ముక్కలు తొక్కకండి, తాకకండి. భూమిలోకి దిగే మెట్లు కనిపిస్తే దిగొద్దు. శత్రువు దాడి చేస్తే స్థావరాన్ని కాపాడేందుకు కట్టిన బ్యాటిల్ హెడ్‌క్వార్టర్స్ గదులు కావచ్చు అవి. చాలావాటిలో నీళ్లు నిండి ఉంటాయి, అడుగు ఎంత లోతో పైనుంచి తెలియదు. పైన నాలుగు వైపులా సన్నటి సందులున్న కాంక్రీట్ మూతని బయటినుంచి చూస్తే సరిపోతుంది. నేలలో వింత లోహపు వస్తువు కనిపిస్తే దూరం జరిగి పోలీసులకి ఫోన్ చేయండి. 1940లో జర్మన్లు దిగితే రన్‌వేలు పేల్చేయాలని కొన్నిచోట్ల కింద గొట్టాల్లో పేలుడు పదార్థం నింపి పాతిపెట్టారు. దక్షిణ తీరంలోని లీ-ఆన్-ది-సోలెంట్‌లో అలాంటివి 2006లో కూడా బయటపడ్డాయి. విమానం కూలిన చోట్ల తవ్వడం, ముక్కలు తీసుకెళ్లడం 1986 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేయకూడదు. మిగతా చోట్ల కూడా నేనైతే ఒక్క మేకు కూడా తీసుకెళ్లను, తీసుకెళ్లేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

వెళ్లడానికి నవంబరు నుంచి మార్చి మంచి సమయం. వేసవిలో దురద మొక్కలు, ముళ్లతీగలు నడుం దాకా పెరిగి సగం కట్టడాలు కనిపించవు. ముందుగా నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో పాత మ్యాప్‌ని, ఇప్పటి శాటిలైట్ చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. బ్రిటన్ మొత్తానికీ పనిచేస్తుంది, ఉచితం. పాత కట్టడాల రక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ దగ్గర పాత ఏరియల్ ఫోటోలున్నాయి. అమెరికన్ స్థావరమైతే అమెరికన్ ఎయిర్ మ్యూజియం వెబ్‌సైట్‌లో అక్కడ పనిచేసినవాళ్ల పేర్లు, ఫోటోలు దొరుకుతాయి. ఊరి చర్చిలోకి కూడా వెళ్లండి, చాలాచోట్ల ఆ స్థావరం నుంచి వెళ్లి తిరిగిరానివాళ్ల జ్ఞాపకఫలకం ఉంటుంది.

చివరిగా నేను గట్టిగా అడిగేది ఒకటుంది. టవర్లలో కొన్నిటికైనా చట్టపరమైన రక్షణ దొరికింది. పడక షెడ్లకి, స్నానాల గదులకి, సైకిల్ షెడ్లకి చాలావరకు లేదు. కప్పు కూలిపోతోందని రైతు తీసేస్తే అడిగేవాళ్లు లేరు, ఆయన్ని తప్పుపట్టలేం కూడా. పైగా పాత ఎయిర్‌ఫీల్డ్‌ల మీద కొత్త ఇళ్ల కాలనీలు లేస్తున్నాయి. అందుకని వెళ్లినప్పుడు టవర్‌తో పాటు ఈ చిన్నవాటిని కూడా నాలుగు వైపులా ఫోటో తీయండి, గోడ రంగులు, రాతలు ఉంటే దగ్గర్నుంచి తీయండి, తేదీ, స్థలం రాసి దగ్గర్లోని ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియంకి పంపండి. వాళ్లు సంతోషంగా తీసుకుంటారు.