దొర్లేటప్పుడు భుజం కొట్టుకుంటుంటే

అన్నా, నలభై ఏడేళ్ల వయసులో నల్గొండలో ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్పే క్లబ్బులో చేరితే, ముందుకు దొర్లిన ప్రతిసారీ కుడి భుజం నేలకు కొట్టుకుంటోందని, మానేద్దామా అని అడిగారు. మానకండి. మహబూబ్‌నగర్‌లో నేను చేరిన కొత్తలో నాదీ ఇదే గోల. రెండు నెలలు మా ఇంట్లో నొప్పి మందు వాసన పోలేదు.

తప్పు భుజానిది కాదు, చేతిది. భయంతో మోచేయి ముడుచుకుంటే భుజం కొన నేరుగా నేలను తాకుతుంది. వారం పాటు నిలబడి దొర్లడం ఆపండి. ఒక మోకాలు నేలకు ఆనించి, కుడి చేతిని పెద్ద బిందెను చుట్టి పట్టుకున్నట్టు గుండ్రంగా ఉంచండి. ముందు చిటికెన వేలి అంచు నేలను తాకాలి; తర్వాత ముంజేయి, భుజం వెనుక భాగం, అక్కడి నుంచి వీపు మీదుగా ఏటవాలుగా ఎడమ తుంటి. తల మాత్రం తగలకూడదు. గడ్డం ఛాతీకి ఆనించి బెల్టు ముడిని చూస్తూ, ఊపిరి వదులుతూ దొర్లండి.

చేయి బిగించమనడం లేదు సుమా. 1971లో కీ సొసైటీ అనే సంస్థను స్థాపించిన జపాన్ ఐకిడో గురువు కోయిచి తోహేయి, మనసును పొత్తికడుపులోని ఒక బిందువు దగ్గర నిలిపి ఒంటిని పూర్తిగా వదులు చేయమనేవారు. పిడికిలి బిగించిన చేతిని తోటివారు సులువుగా వంచేస్తారు. వేళ్ల చివరల నుంచి నీళ్లు పారుతున్నాయనుకుని వదులుగా చాపితే అంత తేలిగ్గా వంగదు. ఇవాళే ఎవరితోనైనా చేసి చూడండి.

చేయి తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. గురువుగారికీ చెప్పండి, ఎవరూ నవ్వరు.